కోర్టు మారిన కేసు చెల్లుతుందా?
నాంపల్లి నేర న్యాయస్థానాలకు వచ్చే కక్షిదారులు గుర్తెరగవలసిన బదిలీ నిబంధనలు

నాంపల్లి (హైదరాబాద్): ఏళ్లతరబడి కేసు నడుస్తుంది. సాక్షులు పనులు మానుకుని వచ్చి బోనెక్కి చెప్పవలసింది చెబుతారు. తీర్పు వెలువడుతుంది, శిక్ష పడుతుంది. అప్పీలు దశలో మాత్రం ‘అసలు ఈ కేసును వినే అధికారమే ఆ కోర్టుకు లేదు’ అన్న వాదన తలెత్తుతుంది. ఆ వాదన నెగ్గితే అప్పటివరకు జరిగిన విచారణంతా లేనట్లే. నేరం జరిగిందా లేదా అన్న ప్రశ్న పక్కకు పోయి కేసు మళ్లీ మొదటి మెట్టు మీద నిలుస్తుంది. బాధితులు, నిందితులు ఇరువర్గాలూ నష్టపోయే పరిస్థితి ఇది.

ఆబిడ్స్, నాంపల్లి పోలీసు స్టేషన్లలో నమోదయ్యే నేరాల విచారణకు కేంద్రం నాంపల్లిలోని నేర న్యాయస్థానాల సముదాయమే. ఇక్కడ మేజిస్ట్రేటు కోర్టులు, సెషన్స్ కోర్టులు, ప్రత్యేక కోర్టులు ఒకే ఆవరణలో పనిచేస్తున్నాయి. ఒక గది నుంచి మరొక గదికి ఫైలు మారడం ఇక్కడ నిత్యకృత్యం. అయితే ఆ మార్పు వెనుక చట్టం ఇచ్చిన అధికారం ఉండాలి. ఏ మార్పు చెల్లుతుంది, ఏది విచారణను రద్దు చేస్తుంది అన్న విషయంపై 1951 నుంచి నేటివరకు సుప్రీంకోర్టు పలు తీర్పులు వెలువరించింది. వాటిలో కీలకమైన ఒక మలుపు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసే కావడం గమనార్హం.

కేసు నడిచే దారి

పోలీసులు దర్యాప్తు ముగించి అభియోగపత్రాన్ని ముందుగా మేజిస్ట్రేటుకు సమర్పిస్తారు. మేజిస్ట్రేటే విచారించదగిన నేరమైతే దానికి సి.సి. నంబరు పడుతుంది. హత్య, బందిపోటు దోపిడీ వంటి సెషన్స్ కోర్టు మాత్రమే విచారించదగిన నేరమైతే పి.ఆర్.సి. నంబరు ఇస్తారు. నిందితులకు అభియోగపత్రం, వాంగ్మూలాల ప్రతులు అందజేసిన అనంతరం మేజిస్ట్రేటు కేసును సెషన్స్ కోర్టుకు కమిట్ చేస్తారు. అక్కడ ఎస్.సి. నంబరు పడుతుంది. సెషన్స్ జడ్జి దానిని తానే విచారించవచ్చు, లేదా అదనపు సెషన్స్ జడ్జికి అప్పగించవచ్చు.

1973 నాటి నేర విచారణ ప్రక్రియా స్మృతిలో ఈ దారి స్పష్టంగా ఉంది. 193వ సెక్షన్ ప్రకారం, చట్టం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, మేజిస్ట్రేటు కమిట్ చేయనిదే సెషన్స్ కోర్టు కేసును నేరుగా స్వీకరించరాదు. 194వ సెక్షన్ ప్రకారం అదనపు సెషన్స్ జడ్జి తనకు అప్పగించిన కేసులనే విచారించాలి. 192వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ల మధ్య అప్పగింతలు జరుగుతాయి.

2024 జులై 1 నుంచి ఆ స్మృతి స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోకి వచ్చింది. పది లక్షలకు పైబడిన జనాభా గల నగరాలకు పాత స్మృతి కల్పించిన మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్ల ప్రత్యేక తరగతి కొత్త సంహితలో లేదు. అయినప్పటికీ మేజిస్ట్రేటు నుంచి సెషన్స్‌కు, అక్కడి నుంచి అదనపు సెషన్స్‌కు వెళ్లే క్రమం మారలేదు. ఆ తేదీ నాటికే విచారణలో ఉన్న కేసులు పాత స్మృతి ప్రకారమే కొనసాగుతాయి.

బదిలీ చేసే అధికారం ఎవరిది?

ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి కేసును బదిలీ చేసే అధికారం సుప్రీంకోర్టుకు ఉంది. పాత స్మృతిలో ఇది 406వ సెక్షన్, కొత్త సంహితలో 446వ సెక్షన్. రాష్ట్రంలోని ఒక జిల్లా నుంచి మరొక జిల్లాకు బదిలీ చేసే అధికారం హైకోర్టుది. ఇది పాత 407, కొత్త 447. తన సెషన్స్ డివిజన్‌లోని ఒక నేర న్యాయస్థానం నుంచి మరొక దానికి బదిలీ చేసే అధికారం సెషన్స్ జడ్జికి 408వ సెక్షన్ ఇచ్చింది. కొత్త సంహితలో ఇది 448వ సెక్షన్.

ఒకే డివిజన్‌లోని కోర్టుల మధ్య బదిలీ కోరేవారు ముందుగా సెషన్స్ జడ్జినే ఆశ్రయించాలి. అక్కడ తిరస్కరణకు గురైన తర్వాతే హైకోర్టుకు వెళ్లాలి. నిష్పాక్షిక విచారణ జరగదన్న సహేతుకమైన భయం, క్లిష్టమైన న్యాయప్రశ్న, కక్షిదారుల లేదా సాక్షుల సౌలభ్యం, న్యాయ ప్రయోజనం వంటివి హైకోర్టు పరిశీలించే కారణాలు.

అదనపు సెషన్స్ జడ్జికి అప్పగించిన కేసును సెషన్స్ జడ్జి 409వ సెక్షన్ కింద వెనక్కి తీసుకోవచ్చు. అయితే విచారణ మొదలు కాకముందే ఆ పని జరగాలి. కింది కోర్టుల స్థాయిలో ఇటువంటి ఉత్తర్వులకు కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలని 412వ సెక్షన్ నిర్దేశించింది.

కొన్ని సందర్భాలలో హైకోర్టు న్యాయవిచారణ లేకుండా పరిపాలనాపరమైన ఉత్తర్వుతోనూ కేసును మరో జడ్జికి అప్పగిస్తుంది. బీహార్‌లోని ఒక హత్యాకాండ కేసులో ఈ పద్ధతిని నిందితులు ప్రశ్నించగా, ఎవరికీ అన్యాయం జరగనంతవరకు హైకోర్టుకు ఆ అధికారం ఉందని 1995లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది.

సరిదిద్దగల పొరపాటు, సరిదిద్దలేని లోపం

పాత స్మృతిలోని 460, 461, 462, 465 సెక్షన్లను కలిపి చదివితేనే ఈ అంశం బోధపడుతుంది. కొత్త సంహితలో ఇవి వరుసగా 506, 507, 508, 511 సెక్షన్లు.

అధికారం లేని మేజిస్ట్రేటు సదుద్దేశంతో పొరపాటున చేసినా చెల్లుబాటయ్యే పనులను 460వ సెక్షన్ పేర్కొంది. కేసును మరొక మేజిస్ట్రేటుకు అప్పగించడం, వెనక్కి తీసుకుని తానే విచారించడం ఈ జాబితాలో ఉన్నాయి. అంటే మేజిస్ట్రేట్ల మధ్య ఫైలు మారడంలో జరిగిన పొరపాటు ఒక్కటే కేసును కూల్చదు.

461వ సెక్షన్ ఇందుకు భిన్నమైనది. చట్టం అధికారం ఇవ్వని మేజిస్ట్రేటు నిందితుని విచారిస్తే ఆ విచారణ చెల్లదు. అధికారం లేకుండా సంక్షిప్త విచారణ జరిపినా అంతే. ఇక్కడ సదుద్దేశం రక్షణ కాదు.

ప్రాంతీయ పరిధి విషయం వేరు. ఆబిడ్స్‌లో జరిగిన నేరాన్ని పొరపాటున వేరే ప్రాంతపు కోర్టు విచారించి తీర్పు చెప్పిందనుకుంటే, కేవలం ఆ కారణంతో తీర్పును కొట్టివేయరాదని 462వ సెక్షన్ చెబుతోంది. ఆ పొరపాటు వల్ల న్యాయం దెబ్బతిన్నట్లు రుజువు కావాలి. ఇతర లోపాలకు 465వ సెక్షన్ కూడా ఇదే కొలమానం పెట్టింది. అభ్యంతరాన్ని ముందే లేవనెత్తగలిగి ఉండీ మౌనం వహించారా అన్నది కూడా అప్పీలు కోర్టు పరిశీలిస్తుంది.

461, 462 సెక్షన్ల మధ్య పైకి కనిపించే వైరుధ్యాన్ని 2020 సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ వి. రామసుబ్రమణియన్ ఒక బదిలీ పిటిషన్‌పై తీర్పులో సవివరంగా చర్చించారు. ఆయన గతంలో హైదరాబాద్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసినవారే. సాక్ష్యాలతో తేలవలసిన ప్రాంతీయ పరిధి వివాదాన్ని విచారణ కోర్టులోనే లేవనెత్తాలని, బదిలీ పిటిషన్‌లో అది తేలదని ఆ తీర్పు సారాంశం.

సుప్రీంకోర్టు తన ఉత్తర్వునే సరిదిద్దుకున్న వేళ

తప్పుడు బదిలీకి దేశంలో అత్యంత ప్రసిద్ధమైన ఉదాహరణ మహారాష్ట్ర మాజీ ముఖ్యమంత్రి ఎ.ఆర్. అంతులే అవినీతి కేసు. 1952 నాటి క్రిమినల్ లా సవరణ చట్టం ప్రకారం అటువంటి కేసులను ప్రత్యేక జడ్జి మాత్రమే విచారించాలి. అయితే 1984 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు ఆ కేసును ప్రత్యేక జడ్జి నుంచి బొంబాయి హైకోర్టుకు బదిలీ చేసింది. త్వరితగతిన విచారణ ముగియాలన్నదే ఉద్దేశం.

నాలుగేళ్ల అనంతరం 1988 ఏప్రిల్ 29న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పుతో ఆ బదిలీని తోసిపుచ్చింది. చట్టం ఒక కోర్టుకే కట్టబెట్టిన అధికారాన్ని న్యాయస్థానపు ఉత్తర్వు మరొక కోర్టుకు ఇవ్వజాలదని స్పష్టం చేసింది. హైకోర్టులో నేరుగా విచారణ జరిగితే నిందితుడు ఒక అప్పీలు అవకాశాన్ని కోల్పోతాడన్నది కూడా ఆ నిర్ణయానికి ఒక ముఖ్య కారణం. సుప్రీంకోర్టు తప్పిదం వల్ల కూడా ఏ వ్యక్తీ నష్టపోరాదన్న సూత్రం ఈ తీర్పుతో స్థిరపడింది.

ఆంధ్రప్రదేశ్ కేసుతో దేశవ్యాప్త చర్చ

షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. జిల్లాకొక సెషన్స్ కోర్టును ప్రత్యేక కోర్టుగా నిర్దేశించాలని దాని 14వ సెక్షన్ చెప్పింది. దాంతో పలుచోట్ల పోలీసులు అభియోగపత్రాలను మేజిస్ట్రేటు వద్దకు తీసుకుపోకుండా నేరుగా ప్రత్యేక కోర్టులోనే దాఖలు చేయసాగారు. కోర్టులు వాటిని స్వీకరించి విచారణలు సాగించాయి.

ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులో ఈ పద్ధతిని నిందితులు సవాలు చేశారు. 2000 జనవరి 28న సుప్రీంకోర్టు తీర్పు వెలువరిస్తూ, ప్రత్యేక కోర్టు అన్న పేరు పెట్టినా అది మూలతః సెషన్స్ కోర్టేనని, మేజిస్ట్రేటు కమిట్ చేయనిదే కేసును స్వీకరించరాదని తేల్చింది. జస్టిస్ కె.టి. థామస్ ఈ తీర్పును రాశారు.

తీర్పు వెలువడగానే కొత్త చిక్కు వచ్చిపడింది. అప్పటికే అదే పద్ధతిలో విచారణ పూర్తయి శిక్షలు పడిన కేసుల మాటేమిటి? మధ్యప్రదేశ్‌లోని ఒక హత్య కేసులో శిక్ష పడినవారు అప్పీలులో ఈ అభ్యంతరాన్ని లేవనెత్తగా, అక్కడి హైకోర్టు మొత్తం విచారణను మళ్లీ జరపాలని ఆదేశించింది. 2001 ఆగస్టు 24న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని రద్దు చేసింది. కమిట్ చేయకపోవడం లోపమే అయినా, విచారించినది సమర్థమైన సెషన్స్ కోర్టేనని, న్యాయం దెబ్బతినలేదని పేర్కొంది. పునర్విచారణ అన్నది మరో దారి లేనప్పుడు మాత్రమే అనుసరించవలసినదని హితవు చెప్పింది. ఈ తీర్పును రాసినదీ జస్టిస్ థామసే కావడం విశేషం.

చిక్కు అంతటితో వీడలేదు. కేరళ నుంచి వెళ్లిన కేసులలో ఇతర ధర్మాసనాలు ఇదే లోపానికి శిక్షలను రద్దు చేశాయి. ఒకే లోపానికి ఒక రాష్ట్రంలో శిక్ష నిలవడం, మరొక రాష్ట్రంలో రద్దు కావడంతో విషయం ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనానికి వెళ్లింది. 2012 ఫిబ్రవరి 17న ఆ ధర్మాసనం 2001 నాటి తీర్పునే సమర్థించింది. కమిట్ చేయలేదన్న ఒక్క కారణంతో శిక్ష రద్దు కాదని, నిందితునికి నష్టం జరిగినట్లు రుజువు కావాలని తేల్చింది. పన్నెండేళ్ల సందిగ్ధతకు అలా తెరపడింది.

చివరకు పార్లమెంటు చట్టాన్నే మార్చింది. 2016 జనవరి 26 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం ఈ చట్టం కింద ఏర్పాటైన ప్రత్యేక కోర్టులు కేసులను నేరుగా స్వీకరించవచ్చు. నేడు ఈ చట్టం కింద ఫిర్యాదు చేసే బాధితులు కమిటల్ దశ కోసం వేచి ఉండనవసరం లేదు.

జడ్జి మారితే సాక్ష్యం సంగతేమిటి?

కోర్టు మారకపోయినా జడ్జి బదిలీపై వెళ్లడం సాధారణం. ముందటి జడ్జి నమోదు చేసిన సాక్ష్యాన్ని కొత్త జడ్జి వాడుకోవచ్చా అన్నది తరచూ తలెత్తే ప్రశ్న. సాక్షి మాట తీరును, ముఖకవళికలను స్వయంగా చూసినవారే తీర్పు చెప్పాలన్నది మూలసూత్రం. పంజాబ్‌కు చెందిన ఒక అవినీతి కేసులో ముందటి ప్రత్యేక జడ్జి నమోదు చేసిన సాక్ష్యంపై ఆధారపడి కొత్తగా వచ్చిన జడ్జి విధించిన శిక్ష నిలవదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

తర్వాతి కాలంలో చట్టం మారింది. 1973 స్మృతిలోని 326వ సెక్షన్ మేజిస్ట్రేట్లకు ఈ వెసులుబాటు కల్పించగా, 1978 సవరణతో అది జడ్జీలకూ వర్తించింది. ప్రస్తుతం ముందటి అధికారి నమోదు చేసిన సాక్ష్యంతో కేసును కొనసాగించవచ్చు. అవసరమనుకుంటే సాక్షిని తిరిగి పిలిపించి ప్రశ్నించవచ్చు. అయితే సంక్షిప్త విచారణలకు ఈ వెసులుబాటు లేదు.

ఈ మినహాయింపు చెక్కు బౌన్సు కేసులను ఒక కుదుపు కుదిపింది. ఆ కేసులను సంక్షిప్త పద్ధతిలో విచారించాలని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం చెబుతోంది. ఒక మేజిస్ట్రేటు సాక్ష్యం విని మరొకరు తీర్పు చెప్పిన గుజరాత్ కేసులో విచారణ చెల్లదని 2011లో సుప్రీంకోర్టు ప్రకటించింది. 2014 అక్టోబరులో వచ్చిన మరొక తీర్పు దీనికి వివరణ ఇచ్చింది. పేరుకు సంక్షిప్త విచారణే అయినా సాక్ష్యాన్ని పూర్తిస్థాయిలో నమోదు చేసి ఉంటే పునర్విచారణ అవసరం లేదని, రికార్డును చూసి నిర్ణయించాలని చెప్పింది.

చెక్కు కేసుల రాకపోకలు

వ్యాపార కూడలి అయిన ఆబిడ్స్ పరిసరాలలో చెక్కుల లావాదేవీలు అధికం. ఈ కేసులను ఏ ఊరి కోర్టులో వేయాలన్న దానిపై 2014 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దేశమంతటా ఫిర్యాదుదారులను ఇబ్బంది పెట్టింది. చెక్కు ఇచ్చిన వ్యక్తి ఖాతా ఉన్న బ్యాంకు శాఖ పరిధిలోనే కేసు వేయాలన్నది ఆ తీర్పు. సాక్ష్యం దశకు చేరిన కేసులను అక్కడే ఉంచి, మిగిలినవాటిని ఫిర్యాదుదారులకు తిరిగి ఇచ్చివేయాలని, 30 రోజులలోగా సరైన కోర్టులో దాఖలు చేసుకోవాలని ఆదేశించింది.

దీంతో ఇక్కడి వర్తకుడు తనకు చెక్కు ఇచ్చిన దూరప్రాంత ఖాతాదారు ఊరికి వెళ్లవలసి వచ్చింది. 2015 జూన్ 15న కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి పరిస్థితిని మార్చింది. అదే సంవత్సరాంతంలో అది చట్టమైంది. ఖాతాలో జమకు వేసిన చెక్కు విషయంలో, చెక్కు పుచ్చుకున్న వ్యక్తి ఖాతా ఉన్న శాఖ పరిధిలోని కోర్టుకే అధికారం దక్కింది. తిరిగి వెళ్లిన కేసులు కొత్త నిబంధన ప్రకారం మళ్లీ కోర్టులు మారాయి.

హైదరాబాద్ చరిత్రలో

ఏ కోర్టు విచారించాలన్న వివాదం హైదరాబాద్‌కు కొత్త కాదు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య అనంతరం సైనిక గవర్నరు ప్రత్యేక ట్రిబ్యునళ్లను నెలకొల్పారు. తెలంగాణ రైతాంగ పోరాట కాలపు కేసులలో ఈ ట్రిబ్యునళ్లు మరణశిక్ష విధించిన 12 మంది పక్షాన బ్రిటన్ న్యాయవాది డి.ఎన్. ప్రిట్ సుప్రీంకోర్టులో వాదించారు. 1951లో సుప్రీంకోర్టు ఆ పిటిషన్లను కొట్టివేసింది. అధికారం ఉన్న కోర్టు విచారణలో లోపాలు చేయడం వేరు, అసలు అధికారమే లేకపోవడం వేరని స్పష్టం చేసింది. తర్వాత ఆ మరణశిక్షలు యావజ్జీవ శిక్షలుగా మారాయి.

రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీకి బీబీనగర్ దోపిడీ కేసులో ప్రత్యేక ట్రిబ్యునల్ శిక్ష విధించింది. రాజ్యాంగం అమలులోకి వచ్చిన తర్వాత కూడా ప్రత్యేక పద్ధతిలోనే విచారణ కొనసాగడం సమానత్వ హక్కుకు విరుద్ధమని ఆయన వాదించారు. 1953లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పుతో ఆ వాదనను తిరస్కరించింది. సారాంశంలో న్యాయమైన విచారణ జరిగిందా అన్నదే కొలమానమైంది.

చట్టబద్ధంగా మారినవి

సక్రమంగా జరిగిన బదిలీకి ఇటీవలి ఉదాహరణ మాజీ మంత్రి వై.ఎస్. వివేకానందరెడ్డి హత్య కేసు. 2019 మార్చి 15న పులివెందులలో ఈ హత్య జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో నిష్పాక్షిక విచారణ సాధ్యం కాదని కుటుంబసభ్యులు పిటిషన్ వేయగా, 2022 నవంబరు 29న సుప్రీంకోర్టు కేసును కడప నుంచి హైదరాబాద్ సీబీఐ ప్రత్యేక కోర్టుకు బదిలీ చేసింది. రాష్ట్రం దాటించే అధికారం ఉన్న న్యాయస్థానం ఉత్తర్వు ఇచ్చింది, చేరిన కోర్టుకు విచారించే అధికారం ఉంది. రెండు షరతులూ నెరవేరాయి.

అడిగిన ప్రతివారికీ బదిలీ లభించదు. ఓటుకు నోటు కేసును తెలంగాణ నుంచి భోపాల్‌కు మార్చాలన్న అభ్యర్థనను 2024 సెప్టెంబరు 20న సుప్రీంకోర్టు అంగీకరించలేదు.

కోర్టు కూర్చునే చోటు మారడం కూడా వేరే విషయం. 2007 ఆగస్టు 25న జరిగిన గోకుల్‌చాట్, లుంబినీ పార్కు పేలుళ్ల కేసులో 2018 సెప్టెంబరులో తీర్పు చర్లపల్లి జైలు ఆవరణలోని కోర్టు హాలులో వెలువడింది. భద్రత, సౌలభ్యం వంటి కారణాలతో స్థలం మారినంత మాత్రాన విచారణ చెల్లకుండా పోదు.

విచారణ రద్దయితే?

విచారణ చెల్లదని తేలితే నిందితుడు నిర్దోషి అయినట్లు కాదు. ఒకే నేరానికి రెండుసార్లు విచారించరాదన్న రక్షణ, సమర్థమైన కోర్టులో విచారణ జరిగినప్పుడే వర్తిస్తుందని 300వ సెక్షన్ చెబుతోంది. అందువల్ల సరైన కోర్టులో కేసు మళ్లీ నడుస్తుంది. జైలులో గడిపిన కాలం తిరిగి రాదు. సాక్షులలో కొందరు మరణించి ఉంటారు, కొందరు ఊరు విడిచిపోయి ఉంటారు. జ్ఞాపకాలు మసకబారుతాయి. మొదటిసారి ధైర్యంగా చెప్పిన బాధితురాలు రెండోసారి బోనెక్కడానికి వెనుకాడవచ్చు. పునర్విచారణను చివరి దారిగానే చూడాలని సుప్రీంకోర్టు చెప్పడంలో అంతరార్థం ఇదే.

కక్షిదారులు గమనించవలసినవి

కేసు నంబరు మారినప్పుడల్లా పాత నంబరు, కొత్త నంబరు, మారిన తేదీ రాసిపెట్టుకోవాలి. పి.ఆర్.సి. నుంచి ఎస్.సి.కి మారినప్పుడు కమిటల్ ఉత్తర్వు ఉందో లేదో న్యాయవాదిని అడగాలి.

కేసు ఒక కోర్టు నుంచి మరొక కోర్టుకు వెళితే బదిలీ ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ తీసుకోవాలి. ఏ సెక్షన్ కింద, ఎవరు, ఏ కారణంతో ఇచ్చారో అందులో చూసుకోవాలి.

అత్యాచారాల నిరోధక చట్టం, అవినీతి నిరోధక చట్టం, బాలలపై లైంగిక నేరాల చట్టం వంటి ప్రత్యేక చట్టాల కింద కేసు ఉంటే, విచారిస్తున్నది ఆ చట్టం కింద నిర్దేశించిన కోర్టేనా అన్నది మొదటి వాయిదాలోనే తేల్చుకోవాలి. నేరం జరిగిన నాటికి నిందితుని వయసు 18 ఏళ్ల లోపైతే ఆ సంగతిని వెంటనే కోర్టు దృష్టికి తీసుకురావాలి. ఈ అభ్యర్థనను ఏ దశలోనైనా చేయవచ్చు.

అభ్యంతరం ఏదైనా ఉంటే అభియోగాలు నమోదయ్యేలోపే రాతపూర్వకంగా తెలపడం ఉత్తమం. తీర్పు వ్యతిరేకంగా వచ్చాక చూసుకుందామని దాచుకున్న అభ్యంతరానికి 465వ సెక్షన్ పెద్దగా విలువ ఇవ్వదు.

న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. మహిళలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు. సరైన కోర్టులో ఉన్నామా అన్న ప్రశ్నను మొదటి వాయిదా నాడే అడిగితే సరిపోతుంది. తీర్పు తర్వాత అడిగితే అందుకు ఏళ్ల కాలం మూల్యంగా చెల్లించవలసి వస్తుంది.